ముందు ఆమెను అడగండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పావుగంటలో సగం దానికే సరిపోతుంది కాబట్టి అందరికీ కలిపి ఒకే దండం, ఏమనుకోకండి. వృద్ధుల దినోత్సవం కదా, బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పుల మీద మాట్లాడమన్నారు. వాటి గురించి ఈ హాల్లో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను ఇంకో సంగతి ఎత్తుతా. మన మతి మన చేతిలో లేని రోజున మన తరఫున సంతకం ఎవరు పెడతారు?

మీలో కొడుక్కో కూతురికో జీపీఏ, అంటే మన తరఫున పనులు చూసుకునే అధికారపత్రం, రాసిచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారే! "నేను మంచాన పడినా వాడు చూసుకుంటాడు, నాకు టెన్షన్ లేదు" అనే కదా రాశారు? 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 201 చదవండి. రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం అక్కడితో సరి. అంటే ఏ రోజు కోసం రాశామో సరిగ్గా ఆ రోజే ఆ కాగితం పనికిరాదు. ఇంగ్లండులో 2005లో చేసిన చట్టం ప్రకారం, బుద్ధి బాగున్నప్పుడే రాసి రిజిస్టరు చేయించుకుంటే ఆ తర్వాత మతి పోయినా ఆ అధికారం చెల్లుతుంది. మనకు అలాంటిది లేదు.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మా చిన్నమ్మది చంద్రగిరి. చిన్నాన్న హైస్కూల్లో అయ్యవారుగా చేసి పోయాడు, ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. నాలుగైదేళ్ళుగా మతిమరుపు జబ్బు. ఆమె కొడుకు బెంగళూరులో ఉంటాడు కాబట్టి ఇక్కడి పనులన్నీ నావే. డబ్బు తీయడానికి బ్యాంకుకు తీసుకెళ్తే, కౌంటర్లో ఉన్న ఆఫీసరు ఆమె ముఖం కూడా చూడకుండా నన్ను అడుగుతాడు, "సార్, ఈమెకు తెలుస్తుందా?" అని. చిన్నమ్మ ఊరుకోలేదు. "నన్నడుగు నాయనా, నేనిక్కడే ఉండా" అంది. అప్పుడు అడిగాడు, ఇది ఏ సంవత్సరమమ్మా అని. చెప్పలేకపోయింది. అంతే, విత్‌డ్రాయల్ ఫారం వెనక్కి నెట్టేశాడు. అదే చిన్నమ్మ బయటికొచ్చి మెట్ల మీద నిలబడి "పూలామెకు నిన్నటి ఇరవై ఇయ్యాల, మర్చిపోవద్దు" అని నాకు గుర్తుచేసింది. ఆ ఇరవై నిజంగానే బాకీ. సంవత్సరం తెలియదు, బాకీ తెలుసు! మరి ఈమెకు తెలుస్తుందా, తెలియదా?

నేనూ బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణే, ఆయన భయం నాకు అర్థమవుతుంది. రేపు ఆ కొడుకే వచ్చి "మా అమ్మకు తెలియకుండా డబ్బు ఇచ్చేశారు" అని కేసు పెడితే ఉద్యోగం ఎవరిది పోతుంది? అందుకే "గార్డియన్ సర్టిఫికెట్ తెండి" అంటారు. ఎక్కడ ఇస్తారో మాత్రం చెప్పరు, ఎందుకంటే వాళ్ళకూ తెలియదు.

నేను తిరిగి తెలుసుకున్నది చెబుతా, కొంచెం ఓపిక పట్టండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. మీ ఇళ్ళల్లో అలాంటి పిల్లలుంటే ఇది గట్టిగా పట్టుకోండి, పద్దెనిమిది దాటాక కన్నతల్లి అయినా తనంతట తానుగా గార్డియన్ కాదు. అయితే ముసలితనంలో వచ్చే మతిమరుపు ఆ చట్టంలో లేదు. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టుకెళ్ళి ఆస్తి చూసుకోవడానికి మనిషిని పెట్టించుకునే దారి ఉండేది. 2017లో కొత్త చట్టం తెచ్చి పాతది రద్దు చేశారు, ఆ దారీ దాంతోపాటే పోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 14లో పరిమిత గార్డియన్‌షిప్, అంటే ఫలానా నిర్ణయానికి, కొంతకాలానికి, ఆ మనిషితో కలిసి నిర్ణయించే గార్డియన్, అని ఒకటుంది కానీ, అది చిన్నమ్మకు వర్తిస్తుందా అంటే మా లాయరు తల గోక్కున్నాడు. చివరికి ఆయన చెప్పింది, హైకోర్టులో రిట్, అంటే నేరుగా హైకోర్టుకే పెట్టుకునే పిటిషన్, వేయమని. కోమాలో ఉన్నవాళ్ళ విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది, అలాగే ప్రయత్నిద్దామన్నాడు. ఆమె పెన్షన్ ఆమె డైపర్లకు వాడుకోవడానికి తిరుపతి నుంచి అమరావతికి పోవాలంట! ఇప్పటికీ ఆ ఖర్చంతా చిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు, తన జేబులోంచే పెడుతున్నాడు, ఆమె డబ్బేమో బ్యాంకులో పెరుగుతోంది.

టైమైపోయిందని చీటీ పంపారు. చూశాను. ఇంకొక్క మాట, ఇది చెప్పకపోతే నేను వచ్చిందే దండగ.

తమ్ముడి కుటుంబం దర్శనానికి వచ్చినప్పుడు చిన్నమ్మకు గుండు చేయించాలని ఫోన్లోనే అనుకున్నారు. మొక్కు అన్నారు కానీ అసలు కారణం తల దువ్వడం కష్టంగా ఉందని. కల్యాణకట్టలో టోకెన్, బ్లేడు చేతికొచ్చాయి, కోడలు ఆమెను కూర్చోబెట్టింది. కత్తి పట్టుకున్న ఆవిడ మా ఎవరివైపూ చూడలేదు, వంగి చిన్నమ్మ ముఖంలోకి చూసి "ఏమ్మా, గుండా? మూడు కత్తెర్లా?" అంది. చిన్నమ్మ ముడి మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో మూడు వేళ్ళు చూపించింది. మూడు కత్తెర్లే వేసి పంపించేసింది ఆవిడ. బ్యాంకులో, ఆస్పత్రిలో, ఇంట్లో చదువుకున్నవాళ్ళం ఇంతమందిమి ఉండి, ఆమెను నేరుగా అడిగింది ఆవిడొక్కతే.

2017 చట్టంలో నాలుగో సెక్షన్ సరిగ్గా ఇదే చెబుతుంది. అది మానసిక వైద్యం గురించే, ఒప్పుకుంటా. కానీ అందులోని న్యాయం అన్నిటికీ పనికొస్తుంది. సంగతి అర్థమైనా, దానివల్ల ఏం జరుగుతుందో తెలిసినా, తన నిర్ణయం నోటితోనో, సైగతోనో, ఎలాగోలా చెప్పగలిగినా ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి ఉన్నట్టే. మీ కంటికి ఆ నిర్ణయం తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి తెలివి లేదని కాదు. రోజూ ఇరవై రూపాయల పూలు దుబారానే అనుకోండి, డబ్బు ఆమెది, జడ ఆమెది.

బాగున్నప్పుడే చేసుకోవలసినవి ఉన్నాయి. ఖాతాను ఇద్దరి పేరు మీద, ఎవరైనా తీసుకునేట్టు మార్పించుకోండి. అదే చట్టం కింద, మానసిక చికిత్స విషయంలో మీ తరఫున ఎవరు నిలబడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా చెల్లుతుంది. ఇంటికెళ్ళి మీ పిల్లలతో కాదు, ముందు మీలో మీరు మాట్లాడుకుని రాయండి.

గుమ్మం దగ్గర టేబుల్ మీద ఒక అర్జీ పెట్టాను. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుగారికి ఇస్తాం. గార్డియన్ కోసం ఎక్కడికి వెళ్ళాలో ప్రతి బ్యాంకులోనూ, తహసీల్దారు ఆఫీసులోనూ తెలుగులో బోర్డు పెట్టాలని, మతిమరుపు ఉన్నవాళ్ళ కేసులు జిల్లాలోనే తేలేట్టు చూడమని ప్రభుత్వానికి రాయాలని అడుగుతున్నాం. భోజనానికి ముందే సంతకం పెట్టండి, తర్వాత ఎవరూ ఆగరని నాకు తెలుసు. పక్కన కూర్చున్నవాళ్ళ చేత కూడా పెట్టించండి, కానీ వాళ్ళను అడిగి!