టీ గ్లాసులో సెన్సర్

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నా కారు సంగతి చెబుతాను. కారు లేనివాళ్ళు రేడియో కట్టేయకండి. ఇందులో టీకొట్టుంది, దీపపు కుందులున్నాయి, చింతపండు కూడా వస్తుంది.

మాది విశాఖలో పెదవాల్తేరు. మా మేడ మీంచి సముద్రం కనబడదు. కానీ సముద్రం మాత్రం రోజూ మా ఇంటికి వస్తుంది. కిటికీ ఊచల మీదికి వస్తుంది, తాళంకప్పలోకి వస్తుంది, సైకిలు చైనుకి పడుతుంది. ఏటా సంక్రాంతి ముందు గ్రిల్లుకి రంగు వేయించడం, దసరా నాటికి అది పెచ్చులూడటం మాకు మామూలే. ఇనుముకైతే తుప్పు. రాగికీ ఇత్తడికీ అయితే చిలుము, ఆ పచ్చటి పూత. చిలుము అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నా కారు పదకొండేళ్ళ చిన్న పెట్రోలు కారు. పోయిన కార్తీకమాసంలో దానికి ఒక వింత జబ్బు పట్టుకుంది. పొద్దున్నే తాళం తిప్పితే చక్కగా స్టార్టవుతుంది. రైతుబజారుకి వెళ్ళి, ఓ పావుగంట ఆపి, గోంగూరా వంకాయలూ సంచీలో వేసుకుని వచ్చి మళ్ళీ తిప్పితే మాత్రం కదలదు. నాలుగుసార్లు, ఐదుసార్లు గిర్రుమంటుంది. గుప్పున పెట్రోలు వాసన. వెనకాల ఆటోవాళ్ళు హారన్లు. లీటరుకి పదహారు ఇచ్చే బండి పదకొండుకి దిగింది. ఒక్కోరోజు తాళం తిప్పీ తిప్పగానే, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే, రేడియేటరు ఫ్యాను హోరుమని తిరిగేది.

ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి. వాళ్ళు కారు కంప్యూటరు లెక్కలు చదివే స్కానరు పెట్టి చూసి, కూలెంటు టెంపరేచర్ సెన్సర్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం ఎంత వేడిగా ఉందో చెప్పేది, పోయిందన్నారు. మార్చారు. మూడు వారాలు బండి బంగారంలా నడిచింది. నాలుగో వారం మళ్ళీ అదే జబ్బు. కొత్త సెన్సరే తేడాగా వచ్చిందేమోనని ఇంకోటి వేశారు. మళ్ళీ మూడు వారాలు, మళ్ళీ అదే కథ. మూడోసారి వెళితే, ఇక ఇంజన్ కంప్యూటరే మార్చాలన్నారు. ఎంతవుతుందో విన్నాక, ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఒక పని మాత్రం మంచిది చేశాను. తీసేసిన సెన్సర్లు రెండూ అడిగి తెచ్చుకున్నాను. మా అమ్మగారి అలవాటు అది, పాతది ఏదీ వదలకూడదు. బిస్కెట్ల డబ్బాలో పడేశాను.

అసలీ సెన్సర్ ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. బొటనవేలంత ఉంటుంది. ఒక చివర ఇత్తడి మొన, అది ఇంజన్‌లో తిరిగే కూలెంటులో మునిగి ఉంటుంది. రెండో చివర రెండు పిన్నులు, వాటికి ఓ ప్లగ్గు. మొన లోపల చిన్న పూస ఉంటుంది. చలికాలం పొద్దున్నే దుప్పట్లోంచి లేవని పిల్లాడిలాంటిది ఆ పూస. చల్లగా ఉంటే కరెంటుని సరిగా పోనివ్వదు. వేడెక్కేకొద్దీ దారి వదులుతుంది. లెక్కలో చెప్పాలంటే చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండువేల చిల్లర ఓములు అడ్డు పెడుతుంది, 80 డిగ్రీలకి వచ్చేసరికి మూడువందలకి అటూ ఇటూ. ఇంజన్ కంప్యూటరు ఐదు వోల్టులు పంపి, ఆ అడ్డు ఎంతో చూసి, ఇంజన్ ఎంత వేడిగా ఉందో తెలుసుకుంటుంది. పెట్రోలు ఎంత చిమ్మాలి, ఫ్యాను ఎప్పుడు తిప్పాలి, ఇవన్నీ దాన్ని బట్టే. ఇంజన్ చల్లగా ఉందనుకుంటే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నిజంగా చల్లగా ఉంటే అది మంచిదే. కాగిపోతున్న ఇంజన్‌ని చూసి చల్లగా ఉందనుకుంటేనే గొడవ. ఎక్కువైన పెట్రోలుతో ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. రైతుబజారు దగ్గర నాకు జరిగింది అదే.

మా పక్కింటాయన కంచరపాలెంలో ఒక మేస్త్రి ఉన్నాడని చెప్పారు. వెళ్ళాను. అరవై దాటిన మనిషి. షెడ్డు అంటే ఒక రేకు, ఒక చెట్టు, అంతే. నా కథంతా విన్నాడు. బానెట్ ఎత్తనే లేదు. "పీకీసిన సెన్సర్లేవమ్మా?" అని అడిగాడు.

డబ్బా తీసి ఇచ్చాను. ఆయన మొహం వెలిగిపోయింది. మా అమ్మగారు ఉంటే ఎంత సంతోషించేవారో!

పక్కనే టీకొట్టు. కుర్రాణ్ణి పిలిచి, "ఒరే, టీ వొద్దు, మరిగిన నీళ్ళు ఒక స్టీలు గ్లాసుడు తే" అన్నాడు. ఈలోగా ఆ అడ్డుని కొలిచే మల్టీమీటరు తీసి, ఒక సెన్సర్ పిన్నులకి రెండు తీగలూ తగిలించాడు. బయటి గాలిలో 1,800 ఓముల దగ్గర చూపించింది. నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి. ఇత్తడి మొన మాత్రం నీళ్ళలో ముంచాడు, పిన్నులు తడవకుండా. "ఇప్పుడు అంకె సూడండి."

చూశాను. 1,800 కాస్తా 1,200. తొమ్మిదివందలు. ఆరువందలు. నాలుగువందలు. జారిజారి 270 దగ్గర ఆగింది. కాసేపు అలాగే పట్టుకున్నాడు. నీళ్ళు చల్లారేకొద్దీ అంకె మెల్లగా పైకెక్కడం మొదలుపెట్టింది. మూడువందలు, మూడువందల యాభై, నాలుగువందలు. ఎక్కడా గెంతలేదు, ఎక్కడా ఆగిపోలేదు. రెండో సెన్సరూ అంతే. సాయంత్రం బీచిలో అల వెనక్కి వెళ్ళడం చూస్తాం చూడండి, అంత నిదానంగా.

మేస్త్రి నవ్వాడు. "మంచోడ్ని పీకీసి కొత్తోడ్ని ఎట్టారమ్మా. మళ్ళీ ఆడ్ని పీకీసి ఇంకోడ్ని ఎట్టారు. ఈళ్ళిద్దరి తప్పూ ఏటీ నేదు."

పాడైన సెన్సర్ ఎలా ఉంటుందని అడిగాను. వేడినీళ్ళలో పెట్టినా అంకె కదలకపోతే పోయినట్టే. కదిలినా మధ్యలో ఒక్కసారిగా గెంతితే పోయినట్టే. మీటరు అసలు ఏమీ చూపించకపోతే లోపల తెగిపోయినట్టు. గ్లాసుడు వేడినీళ్ళు, ఒక మీటరు. కొత్త సెన్సర్ కొనేముందు ఇంత చేస్తే చాలు.

అప్పుడు బానెట్ ఎత్తాడు. నా స్కానరు ముక్క తగిలించమన్నాడు. ఫోనుకి కలిసేది, చిన్నది, మా అబ్బాయి కొనిచ్చాడు. తాళం ఆన్‌లో పెట్టి, సెన్సర్ ప్లగ్గు ఊడబీకాడు. ఫోనులో అంకె చూసి నాకు నవ్వాగలేదు. మైనస్ 40! కంచరపాలెంలో, మిట్టమధ్యాహ్నం, మైనస్ 40. లంబసింగిలో మంచు పడినా సున్నా దగ్గరే కదండీ. తీగ తెగిపోతే, ప్లగ్గు ఊడిపోతే కంప్యూటరుకి అలా కనబడుతుందట. ఇది సెన్సరో తీగో పాడైన మాట అని దానికి అర్థమై, ఎందుకైనా మంచిదని ఫ్యానుని ఆపకుండా తిప్పేస్తుంది. స్కానరులో పీ 0118 అన్న కోడు పడేది కూడా అందుకే. నా ఫ్యాను హోరు రహస్యం అదన్నమాట.

తర్వాత ఒక చిన్న తీగముక్కతో ప్లగ్గులోని రెండు రంధ్రాలనూ కలిపాడు. ఇలా కలిపితే అడ్డన్నదే ఉండదు కాబట్టి, ఇంజన్ మహా వేడిగా ఉందని కంప్యూటరు అనుకోవాలి. అంకె 120 దాటిపోవాలి. దాటలేదు. 47 దగ్గర నిలబడిపోయింది. మేస్త్రి ఏమీ మాట్లాడలేదు, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించాడంతే.

సెన్సరే లేదు అక్కడ. అయినా అడ్డు ఉంది. అంటే ఆ అడ్డు తీగలో ఉంది.

ప్లగ్గు వెనక రబ్బరు జరిపి, నా చేతికి భూతద్దం ఇచ్చాడు. ఒక పిన్ను తెల్లగా మెరుస్తోంది. రెండోది పచ్చగా ఉంది. ఏడాదిపాటు తోమని దీపపు కుందిలా, అచ్చం అలా, పచ్చగా. చిలుము! నేను అలవాటు కొద్దీ, "చింతపండు తెమ్మంటావా మేస్త్రీ?" అనేశాను. టీకొట్టు కుర్రాడు కూడా నవ్వాడు. పులుపు పిన్నుని ఇంకా తినేస్తుందట. దానికి వేరే స్ప్రే ఉంది.

కానీ స్ప్రేతో అయ్యే పని కాదది. చిలుము తీగ లోపలికి పాకింది. పైన ప్లాస్టిక్ తొడుగు నున్నగా ఉంది, లోపల రాగి పోగులు నల్లబడి, పచ్చబడి, పొడిలా రాలుతున్నాయి. కొద్దికొద్దిగా కోసుకుంటూ వెళ్ళాడు. అంగుళం కోస్తే నలుపు. ఇంకో అంగుళం, ఇంకా నలుపే. నాలుగో అంగుళం దగ్గర ఎర్రటి రాగి కనబడింది. అక్కడ ఆగాడు. కొత్త ప్లగ్గు ముక్క అతికి, టంకం పెట్టి, గొట్టం తొడిగి వేడిచేసి బిగించాడు. లోపల నీరు చేరకుండా కాస్త కరెంటు గ్రీజు పూశాడు. మళ్ళీ తీగముక్కతో కలిపి చూస్తే ఫోనులో అంకె ఒక్క గెంతులో 120 దాటేసింది.

మరి సెన్సర్ మార్చినప్పుడల్లా మూడు వారాలు ఎందుకు బాగుందంటారా? నేనూ అదే అడిగాను. ప్లగ్గు పీకి మళ్ళీ గుచ్చినప్పుడు ఆ రాపిడికి పైపైన చిలుము కాస్త రాలుతుంది, లోపల పోగులు కదిలి ఒకదానికొకటి తగులుకుంటాయి. బాగుపడినట్టే ఉంటుంది. మళ్ళీ ఉప్పుగాలి తగులుతుంది. మూడు వారాల్లో మొదటికే. పాపం, ఆ షెడ్డువాళ్ళు మోసమేమీ చేయలేదని నాకు ఇప్పటికీ నమ్మకమే. ప్లగ్గు వెనక్కి తిప్పి చూసే ఓపిక లేదు, అంతే. బీచి రోడ్డు పక్క కార్లు పెట్టుకునేవాళ్ళం, రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్ళం, ఆ ఓపిక మనమే పడాలి.

మీ సెన్సర్ నిజంగానే పోయి, మార్చాల్సి వస్తే రెండు మూడు మాటలు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. గంటసేపు కాదు, రాత్రంతా ఆగితే ఇంకా మంచిది. వేడిమీద రేడియేటరు మూత తిప్పితే లోపలి ఒత్తిడికి కూలెంటు మొహాన చిమ్ముతుంది. అరకు ఘాటీ ఎక్కుతూ బానెట్లోంచి ఆవిరి వస్తే కంగారుపడి మూత తీసేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. సెన్సర్ విప్పగానే కొంత కూలెంటు కారుతుంది, కింద గిన్నె పెట్టండి. అది తియ్యగా ఉంటుంది, పైగా విషం. వీధికుక్కలు నాకుతాయి, నేలమీద వదలకండి. కొత్తదానికి కొత్త వాషరు వేయాలి. బలమంతా పెట్టి బిగించకూడదు, ఇత్తడి మరలు ఇట్టే పోతాయి. తగ్గిన కూలెంటు పోసేటప్పుడు బోరు నీళ్ళు కలపొద్దు, డిస్టిల్డ్ వాటరే కలపండి. పోశాక లోపల గాలి బుడగ మిగలకుండా చూసుకోవాలి. సెన్సర్ మొన నీళ్ళలో కాకుండా గాలిలో ఉంటే అది చెప్పే లెక్కంతా తప్పే.

ఇంకొక్కటి. పాత కార్లు కొన్నిటిలో డాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లుకి ఒక సెన్సర్, కంప్యూటరుకి ఇంకో సెన్సర్ ఉంటాయి. ముల్లు సరిగ్గా చూపిస్తోంది కదా అని ధీమాగా ఉండకండి.

స్కానరు ఉన్నవాళ్ళకి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆగిన కారు, పొద్దున్నే స్టార్టు చేయకముందు తాళం ఆన్ చేసి, కూలెంటు ఎంత, లోపలికి పీల్చే గాలి ఎంత, ఈ రెండు అంకెలూ చూడండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. గాలి 27 అని, కూలెంటు 9 అని చూపిస్తే, ముందు ప్లగ్గు పీకి వెనక్కి తిప్పి చూడండి. సెన్సర్ సంగతి తర్వాత.

మేస్త్రి నా దగ్గర నాలుగువందలు తీసుకున్నాడు, టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. బయల్దేరబోతుంటే డబ్బా వైపు చూసి, "ఒకటి నాకిచ్చీయండమ్మా, ఎవులికో ఒకళ్ళకి పనికొత్తాది" అన్నాడు. ఇచ్చేశాను. రెండోది ఇంకా నా డబ్బాలోనే ఉంది.

నమస్కారం.