తిరుపతిలో అక్షరాలెన్ని? పైథాన్ 7 అంటోంది!

[స్క్రీన్ మీద నల్లటి టెర్మినల్. కర్సర్ మినుకుమంటోంది.]

ఒక చిన్న లెక్క. తిరుపతి అని రాస్తే ఎన్ని అక్షరాలు? తి, రు, ప, తి. నాలుగు. ఒకటో తరగతి పిల్లోడైనా చెప్పేస్తాడు. మరి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని అడుగుదామా?

[టైపింగ్: ఊరు = "తిరుపతి". కింది లైన్లో ప్రింట్, అందులో లెన్ (పొడవు లెక్కపెట్టేది), అందులో ఊరు. ఎంటర్. జవాబు: 7]

వేరియబుల్‌కి, అంటే విలువ దాచుకునే డబ్బాకి, పేరు తెలుగులో పెట్టానేంటి అనుకుంటున్నారా? పైథాన్ 3లో పెట్టుకోవచ్చు. అది సరే, ఈ 7 ఎక్కడిది?

[క్లోజప్: "తి" విడిపోయి త ఒక పక్కకి, గుడి ఒక పక్కకి]

యూనికోడ్ అంటే కంప్యూటర్లో ఒక్కో గుర్తుకీ ఒక్కో నంబరిచ్చే పద్ధతి. అందులో త వేరు, దాని మీది గుడి వేరు. దేని నంబరు దానిదే. తిరుపతిలో హల్లులు 4, గుడులు 2, కొమ్ము 1. లెన్ లెక్కపెట్టేది ఈ నంబర్లనే.

దీనికి నేనొక ఐదు లైన్ల కోడ్ రాశా. పైథాన్‌తోపాటే వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ని అడిగితే ఏది హల్లో, ఏది గుణింతపు గుర్తో చెప్తుంది. గుర్తుల్ని వదిలేసి మిగతావి లెక్కపెట్టా. 4 వచ్చింది. ఆ సంబరంలో ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పడేశా.

పావుగంట కాలేదు, చిత్తూరు తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ ఊరికి సరిపోయింది. మా ఊరికి 4 చూపిస్తా ఉంది. మాది మూడే కదన్నా?"

చి, త్తూ, రు. నిజమే, మూడే! ఒత్తుకు యూనికోడ్‌లో విడిగా నంబరు లేదు. త, పొల్లు, మళ్ళీ ఇంకో త, అంతే. ఆ రెండో త నా లెక్కలో పడిపోయింది. మందు కూడా వాడే చెప్పాడు: ముందు పొల్లుంటే ఆ హల్లును లెక్కపెట్టొద్దు. ఒక్క కండిషన్! "బస్" అని పెట్టి చూశా, చివర్లో పొల్లున్నా 2 అని సరిగ్గానే వచ్చింది. "ఇంకాస్త బాగుచేసి పంపుదాంలే" అనుకుని దాచిన కోడ్‌లు నా ల్యాప్‌టాప్‌లో బోలెడున్నాయి. వాటికి ఇలాంటి తమ్ముడెవడూ తగల్లేదు.

పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ మాత్రం వద్దు. చూసి టైప్ చేసే ఓపిక ఎవరికుంది? టెక్స్టుగానే పెట్టి, ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు (`) తగిలించండి. ఫోన్లో టైప్ చేస్తే ఇంకో తంటా. కొన్ని కీబోర్డులు నిటారు కోట్స్‌ని వంకర కోట్స్ చేసేస్తాయి. పైథాన్ వెంటనే సింటాక్స్ ఎర్రర్ అని మొండికేస్తుంది.

[చివరి షాట్: తిరగేసిన తిరుపతి. మొదట్లో చుక్కల సున్నా మీద ఒంటరి గుడి.]

ఇక మీ వంతు. తిరుపతిని తిరగేస్తే తిపరుతి రావాలి. మామూలు స్లైసింగ్ చేస్తే, అంటే ఆ ఏడింటినీ విడివిడిగా వెనక నుంచి పేరిస్తే, ఇదిగో, కింద అక్షరమే లేకుండా గుడి ఒక్కటీ గాల్లో వేలాడుతోంది. తిరుపతిలో గుడిని అట్లా వదిలేస్తామా సామీ? సరిచేసి పంపండి, సగమే పనిచేసినా పర్లేదు. శ్రీకాళహస్తిని కూడా ఒకసారి తిరగేసి చూడండి, అసలు తిప్పలు అక్కడున్నాయి.