వాషింగ్టన్ ఇంటిపేరు ఎవరిది?

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పండగ పూట పిల్లల్ని తీసుకుని ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చిన మీ అందరికీ ఉగాది శుభాకాంక్షలు. లోపల ఇంకా పులిహోర కలుపుతున్న వాళ్లకు కూడా.

ఉగాది సభలో ఇంగ్లీషు ఇంటిపేరు గోల ఏమిటని కొందరు అడిగారు. కారణం ఉంది. పోయిన సంక్రాంతికి ఇదే హాల్లో భోజనాల దగ్గర మనవాళ్లలో ఒకాయన, తన ఆఫీసులో పనిచేసే వాషింగ్టన్ అనే నల్లజాతి ఆయన గురించి చెబుతూ, "వీళ్లకు సొంత ఇంటిపేర్లెక్కడివండీ, దొరల పేర్లు తగిలించుకున్నారు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. అందుకే ఈ మైకు అడిగి మరీ తీసుకున్నాను.

సరే, మొదటి నుంచి చూద్దాం. ఇంగ్లండ్‌కు ఈశాన్యాన, డర్హమ్ ప్రాంతంలో వియర్ నదికి దగ్గరలో వాషింగ్టన్ అనే ఊరుంది. 12వ శతాబ్దం చివర్లో విలియం అనే భూస్వామి హార్ట్‌బర్న్ అనే తన ఊరిని వదులుకుని, బదులుగా ఈ ఊరు తీసుకున్నాడు. అంతవరకూ ఆయన హార్ట్‌బర్న్ విలియం. ఊరు మారింది, పేరూ మారింది. మన వేమూరి వారు, తాడేపల్లి వారు ఊరి పేరుతో ఎలా వచ్చారో అలాగే. అంటే, మొదటి వాషింగ్టన్ కూడా పుట్టుకతో వాషింగ్టన్ కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. ఆ వంశంలో లారెన్స్ అనే ఉన్ని వ్యాపారి 1539లో ఇంగ్లండ్‌లోనే సల్‌గ్రేవ్ అనే ఊళ్లో మఠం భూములు కొన్నాడు. మరో లారెన్స్ చర్చిలో మతాధికారి. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, 1643లో, ఆయన ఉద్యోగం ఊడింది. ఆయన కొడుకు జాన్ పొగాకు కోసం ఓడెక్కి వర్జీనియా వచ్చాడు. ఆ ఓడ పొటోమాక్ నదిలో ఇసుక మేట ఎక్కింది. జాన్ ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. 1732లో పుట్టిన జార్జ్ వాషింగ్టన్, అమెరికా తొలి అధ్యక్షుడు, ఆయన మునిమనవడే. జార్జ్‌కు పిల్లలు లేరు.

మరి ఈ పేరు ఈ దేశంలో నిలబెట్టింది ఎవరు? 2000 జనాభా లెక్కల్లో లక్షా అరవై వేల మందికి పైగా వాషింగ్టన్‌లు ఉన్నారు. ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది నల్లవాళ్లు!

ఇక్కడి నుంచి బానిసత్వం తర్వాతి లెక్కలు చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. హారీ గురించి చెప్పనివ్వండి.

హారీని జార్జ్ వాషింగ్టన్ 1763లో కొన్నాడు, చిత్తడినేల ఎండగట్టే పనికి. తర్వాత జార్జ్ సొంత ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో గుర్రాల పని. 1771లో హారీ పారిపోయాడు. పట్టుకొచ్చారు. 1776లో, స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, మళ్లీ పారిపోయి ఈసారి జార్జ్‌తో పోరాడుతున్న బ్రిటిష్ వాళ్లలో కలిశాడు. 1783లో వాళ్లు న్యూయార్క్ ఖాళీ చేస్తూ, ఓడలెక్కించిన నల్లవాళ్ల పేర్లు పుస్తకంలో రాశారు. అందులో హారీ వాషింగ్టన్ అని ఉంది, వయసు 43. తన యజమాని పేరే తన పేరు పక్కన పెట్టుకుని, ఆ యజమాని అందుకోలేని చోటికి వెళ్లిపోయాడు! అక్కడి నుంచి నోవా స్కోషియా, 1792లో ఆఫ్రికాలో సియెర్రా లియోన్. అక్కడా ఊరుకోలేదు. ఆ వలసను నడిపే బ్రిటిష్ కంపెనీ భూమి పన్ను అడిగితే 1800లో తిరగబడ్డవాళ్లలో ఆయనా ఉన్నాడు, బహిష్కరించారు. పన్ను మీద తిరగబడిన జార్జ్ బొమ్మ డాలర్ నోటు మీద ఉంది. హారీ పేరు ఈ హాల్లో ఎంతమంది విన్నారు? అమ్మా, మీరు? బాబూ, మీరు?

బుకర్ వాషింగ్టన్ పేరైనా పిల్లలు బళ్లో వినే ఉంటారు. బానిసగా పుట్టి, పెద్ద విద్యావేత్త అయినవాడు. విడుదలయ్యాక బడికి వెళితే, మాస్టారు హాజరు పిలుస్తున్నారు. అందరికీ రెండేసి, మూడేసి పేర్లు. తనకు ఒక్కటే. తన వంతు వచ్చేసరికి, పుట్టినప్పటి నుంచీ ఉన్న పేరులా, తొణక్కుండా "బుకర్ వాషింగ్టన్" అన్నాడు. ఎవరూ తగిలించలేదండీ. ఆ కుర్రాడు ఎంచుకున్నాడు, డర్హమ్ విలియం ఎంచుకున్నట్టే.

ఒక్క విన్నపం. వేసవిలో మన సంఘం మౌంట్ వెర్నన్‌కు బస్సు వేస్తోంది. ఇల్లు చూస్తాం, నది ఒడ్డున ఫొటోలు దిగుతాం, తిరిగొచ్చేస్తాం. వాషింగ్టన్ సమాధికి కాస్త దూరంలో, చెట్ల కింద, అక్కడి బానిసల శ్మశానం ఉంది. రాళ్లు లేవు, పేర్లు లేవు. 2014లో పురావస్తు వాళ్లు పైమట్టి మెల్లగా తీసి, ఎముకలు కదపకుండా, గోతుల అంచులు గుర్తించడం మొదలుపెట్టారు. హోవర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు గీసిన నమూనాతో 1983లో కట్టిన స్మారకం ఉంది. కార్యదర్శి గారూ, బస్సు ప్రోగ్రాంలో అక్కడికి అరగంట రాయండి, భోజనానికి ముందే. సంక్రాంతికి నవ్విన వాళ్లు కూడా నాతో రండి, సీటు పక్కనే ఉంచుతాను. నమస్కారం.