ఆ రాత్రి ఆకాశం నీలంగా ఎందుకుంది? అమెరికా హైస్కూల్లో ఒక చరిత్ర పాఠం

[తెర మీద: రంగులద్దిన పాత అచ్చు బొమ్మ. కెమెరా మెల్లగా పైకి జరిగి ఆకాశం దగ్గర ఆగాలి.]

పైన ఆ మూల చూడండి. చిన్న చందమామ ఉంది కదా? అంటే రాత్రి. మరి దాని పక్కన ఆకాశం మిట్టమధ్యాహ్నంలా నీలంగా ఉందేంటి?

ఇది 1770 మార్చి 5న, బోస్టన్ ఇంకా బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉన్నప్పుడు, అక్కడి కింగ్ స్ట్రీట్‌లో జరిగిన కాల్పుల బొమ్మ. జరిగింది రాత్రి తొమ్మిది దాటాక. వీధంతా మంచు గడ్డకట్టి ఉంది. బొమ్మలో మంచు కనబడదు, చీకటీ కనబడదు.

[తెర మీద: నేను, వంటింటి బల్ల దగ్గర. వెనక ఫ్రిజ్ మీద అంటించిన కాగితం.]

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ పదకొండో తరగతి. ఈ ఏడాది ఏపీ యూఎస్ హిస్టరీ తీసుకుంది. ఏపీ అంటే మన ఏపీ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. పిల్లలు ముద్దుగా "ఏపుష్" అంటారు. చరిత్రే కదా, నేను చదివిస్తానని ముందుకెళ్ళాను. అదిగో, ఆ కాగితం నా ఘనకార్యమే. 1765 స్టాంపు చట్టం, 1767 టౌన్‌షెండ్ పన్నులు, 1770 బోస్టన్ కాల్పులు, 1773 టీ పార్టీ. పాలు తీసుకోవడానికి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఒకసారి చదవమన్నాను. మనం పదో తరగతి అలాగే కదా గట్టెక్కాం.

క్లాసులో పరీక్ష పెడితే ఒక్క సంవత్సరం కూడా అడగలేదు. ఈ బొమ్మ ఇచ్చి, దీన్ని ఎవరు చేశారు, ఎవరికి చూపించడానికి చేశారు, ఆ సంగతి బొమ్మలో ఎక్కడ బయటపడుతోంది అని అడిగారు. నా కాగితం అక్కడ ఎందుకూ పనికిరాలేదు. మార్కుల గురించి నన్ను అడక్కండి.

అందుకే ఈ వీడియో. ఆ ప్రశ్నలకి జవాబు ఎలా రాబట్టాలో ఈ ఒక్క బొమ్మతోనే చూద్దాం.

[తెర మీద: బొమ్మ మళ్ళీ. చెప్పే చోటల్లా ఎర్ర గీత చుట్టాలి.]

కుడివైపు ఎర్రకోట్ల బ్రిటిష్ సిపాయిలు. గీత గీసినట్టు వరసలో నిలబడి, అందరూ ఒకేసారి పేలుస్తున్నారు. వాళ్ళ వెనక కత్తి పైకెత్తి నిలబడ్డది కెప్టెన్ థామస్ ప్రెస్టన్, "కాల్చండి" అంటున్నట్టు. ఎడమవైపు జనం, అందరూ పెద్దమనుషుల్లా ఉన్నారు. ఒక్కరి చేతిలోనూ కర్ర లేదు. ఇప్పుడు సిపాయిల వెనకున్న భవనం మీద బోర్డు చదవండి. అది కస్టమ్స్ హౌస్, అంటే సుంకాలు వసూలు చేసే ఆఫీసు. బోర్డు మీద మాత్రం "బుచర్స్ హాల్" అని ఉంది, అంటే కసాయి కొట్టు అని. నిజంగా అక్కడ అలాంటి బోర్డేమీ లేదు.

దీన్ని రాగి రేకు మీద చెక్కి, అచ్చు వేసి అమ్మింది పాల్ రివియర్. వృత్తికి వెండిపని చేసే కంసాలి. బ్రిటిష్ పన్నుల మీద పోరాడేవాళ్ళలో ముందు వరసలో మనిషి. కాల్పులు జరిగి మూడు వారాలు తిరిగేసరికి బొమ్మ అమ్మకానికి వచ్చేసింది. ఇందులో ఇంకో తమాషా ఉంది. అసలు బొమ్మ గీసింది హెన్రీ పెల్హమ్ అనే కుర్రాడు. తన బొమ్మని కాపీ కొట్టాడని రివియర్‌ని దులిపేస్తూ అతను రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది.

మరి ఆ రాత్రి జరిగిందేమిటి? కాపలా ఉన్న హ్యూ వైట్ అనే సిపాయికీ, విగ్గుల దుకాణంలో పనిచేసే ఒక కుర్రాడికీ మాటా మాటా పెరిగింది. సిపాయి ఆ కుర్రాణ్ణి తుపాకీతో కొట్టాడు. జనం పోగయ్యారు. మంచు ఉండలు, ఐసు గడ్డలు, కర్రలు. ప్రెస్టన్ కొంతమంది సిపాయిలతో కాపలావాడికి సాయంగా వచ్చాడు. అదే సమయంలో చర్చి గంటలు మోగాయి. ఆ రోజుల్లో గంట మోగిందంటే ఎక్కడో ఇల్లు అంటుకుందని అర్థం. జనం "ఫైర్, ఫైర్" అని అరుస్తూ ఇళ్ళలోంచి బయటికొచ్చారు. ఇంకోపక్క సిపాయిల మొహమ్మీదే "ఫైర్, దమ్ముంటే ఫైర్ చెయ్యండి" అని సవాలు చేస్తున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తెలుగులో నిప్పు వేరు, కాల్చడం వేరు. ఇంగ్లీషులో రెంటికీ అదే మాట. ప్రెస్టన్ తర్వాత తన వాంగ్మూలంలో రాసింది ఏమిటంటే: నేను చెప్పకుండా ఎందుకు కాల్చారని సిపాయిల్ని అడిగితే, ఫైర్ అన్న మాట వినబడింది, మీరే అన్నారనుకున్నాం అన్నారట.

వెంటనే నమ్మేస్తున్నారు కదా? నేనూ నమ్మేశాను. "నాన్నా, ఆయన జైల్లో ఉండి రాశాడు" అంది మా అమ్మాయి. ఉరి తప్పించుకోవాల్సిన మనిషి ఇంకేం రాస్తాడు! రివియర్‌ని అడిగిన ప్రశ్నే ప్రెస్టన్‌నీ అడగాలి.

చనిపోయినవాళ్ళు ఐదుగురు. అందులో పాట్రిక్ కార్ అని ఐర్లండ్ నుంచి వచ్చినవాడు తొమ్మిది రోజులు బతికి, అప్పుడు పోయాడు. వైద్యం చేసిన డాక్టరు కోర్టులో చెప్పాడు: సిపాయిలు ప్రాణం కాపాడుకోవడానికే కాల్చారు, నన్ను కాల్చినవాడి మీద నాకు కోపం లేదు అన్నాడట కార్. మన కోర్టుల్లో దీన్ని మరణ వాంగ్మూలం అంటారు. గుండు తగిలినవాడే ఆ మాట అనడం నన్ను కాసేపు కదలనివ్వలేదు. అయినా ఇది డాక్టరు నోట విన్న మాటే తప్ప, కార్ స్వయంగా రాసింది కాదు.

[తెర మీద: కోర్టు గది బొమ్మ.]

సిపాయిల తరఫు వకీలు ఎవరో తెలుసా? జాన్ ఆడమ్స్. తర్వాత అమెరికాకి రెండో అధ్యక్షుడైన ఆడమ్సే. ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిమిది మంది సిపాయిల్లో ఆరుగుర్ని వదిలేశారు, ఇద్దరికి బొటనవేలి మీద వాత పెట్టి పంపించారు. నిజాలు మొండివి, మన ఇష్టాయిష్టాలకి లొంగవు అని ఆ కేసులో ఆడమ్స్ అన్న మాట ఇక్కడ పిల్లలందరికీ నోటికొచ్చు.

అదే వాదనలో ఆయన ఇంకో మాటా అన్నాడు, అది అంతగా వినబడదు. ఆ గుంపు మర్యాదస్తులది కాదు, పొగరుబోతు కుర్రాళ్ళు, నల్లవాళ్ళు, ఐరిష్ వాళ్ళు, ఓడ కళాసీలు అని చులకన చేశాడు. తప్పంతా ముందు నిలబడ్డ క్రిస్పస్ అటక్స్ మీదకి తోశాడు. అటక్స్ ఆఫ్రికన్, అమెరికా ఆదివాసీ మూలాలున్న మనిషి. చనిపోయాడు కాబట్టి బదులు చెప్పలేడు. రివియర్ బొమ్మలో చూస్తే, రంగులేసిన చాలా ప్రతుల్లో పడినవాళ్ళందరూ తెల్లవాళ్ళే. ఒకరు ఆయన మీదే నెపం వేశారు, ఇంకొకరు ఆయన్ని కనబడకుండా చేశారు. వకీలుగా ఆడమ్స్ ధైర్యాన్ని మెచ్చుకుంటాను, ఈ మాట మాత్రం మింగుడుపడలేదు.

పరీక్ష ముచ్చట గబగబా చెప్పేస్తాను. మే నెలలో ఉంటుంది. అందులో ఒక వ్యాసానికి గంట టైము, ఏడు కాగితాలు ఇస్తారు. ఉత్తరాలు, బొమ్మలు, ఉపన్యాసాలు లాంటివి. వాటిని సాక్షుల్లా నిలబెట్టి తన వాదన తాను రాయాలి. మొత్తం మార్కుల్లో పావు వంతు దీనికే. సిలబస్ కొలంబస్ వచ్చిన 1492తో కాదు, 1491తో మొదలవుతుంది. ఓడ రాకముందు కూడా ఇక్కడ మనుషులున్నారని ఆ ఒక్క అంకెతోనే చెప్పేశారు, నాకది భలే నచ్చింది.

[తెర మీద: ఫోన్‌లో వీడియో కాల్. విజయనగరంలో మా నాన్న, పడక్కుర్చీలో.]

మొన్న ఆదివారం మా అమ్మాయి వాళ్ళ తాతయ్యకి యార్క్‌టౌన్ పాఠం చెబుతోంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781 అక్టోబర్ 19న బ్రిటిష్ సైన్యం అక్కడ లొంగిపోయింది. సేనాని ఒంట్లో బాగోలేదని సాకు చెప్పి, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపించాడు. దాని పుస్తకంలో ఆయన కథ అక్కడితో సరి.

"పేరేటమ్మా?" అన్నారు నాన్న.

"కారన్‌వాలీస్, తాతయ్యా."

ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. బీఏలో ఆయన చదివిన చరిత్రలో కారన్‌వాలీస్ 1786లో కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా దిగుతాడు, 1793లో శాశ్వత శిస్తు తెస్తాడు. అదే పద్ధతి 1802లో మన ఉత్తర సర్కార్లకీ వచ్చింది. మా ఊరు జమీందారీ కిందే ఉండేది. శిస్తు కట్టలేక మా వాళ్ళు పడ్డ పాట్లు నాన్న చిన్నప్పుడు వాళ్ళ తాత దగ్గర విన్నారు.

"ఆ కారన్‌వాలీసూ ఈ కారన్‌వాలీసూ ఒక్కడేనేటి?"

"అక్కడికొచ్చాడా? ఓడిపోయాక?" అంది ఇది.

ఇద్దరూ నావైపు చూశారు. నాకేం తెలుసు, నా ఫ్రిజ్ కాగితం 1773 దగ్గరే ఆగిపోయింది. ఇది మాత్రం నోటుబుక్కు తెరిచి, "తాతయ్యా, మీ తాత చెప్పింది మళ్ళీ మొదట్నుంచి చెప్పు, రాసుకుంటాను" అంది. పైన తారీకు వేసింది. దాని కింద: ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు.