ఒంటరిగా వదిలితే హడలిపోయే కుక్కకు మందు

వ్యాఖ్యాత: హలో, ఎక్కడి నుంచండి?

శ్రోత: కూకట్‌పల్లి నుంచండి. నమస్కారం డాక్టర్ గారూ. మాది నాలుగేళ్ల లాబ్రడార్, 28 కిలోలు. మేమిద్దరం ఆఫీసుకెళ్తే తలుపు గీరేస్తూ ఒకటే ఏడుపు. ఇంట్లో మా అత్తయ్య గారు ఆందోళనకు వేసుకునే ఆల్ప్రజోలం ఉంది, అరమాత్ర వేయొచ్చా?

డాక్టర్: వద్దమ్మా. అది వేస్తే కొన్ని కుక్కలు నెమ్మదించాల్సింది పోయి రెచ్చిపోతాయి, భయంతో బిగబట్టుకున్నవి కరుస్తాయి కూడా. ముందు మీరు లేనప్పుడు ఏం చేస్తోందో వీడియో తీయండి. కాసేపు హాయిగా నిద్రపోయి, లేచి చెప్పులు కొరికితే అది తోచకపోవడం. నడక, ఆట పెంచితే చాలు.

శ్రోత: వీడియో ఉందండి. మేం లిఫ్ట్ ఎక్కకముందే మొదలు. చొంగ కారుస్తుంది, తలుపు దగ్గరే ఉచ్చ పోస్తుంది.

డాక్టర్: అయితే అది భయమే. దీనికి ఫ్లూఆక్సెటిన్ అనే ఆందోళన తగ్గించే మందు ఇస్తాం. కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, రోజుకొకసారి. మీవాడికి 28 నుంచి 56 లోపు. ముందు కాలేయం, కిడ్నీల రక్తపరీక్ష చేయించాలి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, నొప్పికి ట్రమడాల్ వాడుతున్నారా, మీ డాక్టరుకు చెప్పండి. పిడుదులకు అమిట్రాజ్ అనే మందుతో స్నానం గానీ, ఆ మందున్న మెడపట్టీ గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. ఫ్లూఆక్సెటిన్, అమిట్రాజ్ కలిస్తే ప్రాణాపాయం.

శ్రోత: ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుందండి?

డాక్టర్: నాలుగు నుంచి ఆరు వారాలు, కొన్నిటికి ఎనిమిది. రెండో వారంలోనే లాభం లేదని ఆపేస్తుంటారు, అక్కడే చెడుతుంది. మొదట్లో తిండి తగ్గుతుంది, కాస్త మందకొడిగా ఉంటుంది. రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం డాక్టరుకు ఫోన్ చేయండి.

శ్రోత: మందు వేసి మామూలుగా ఆఫీసుకెళ్లొచ్చా?

డాక్టర్: అలా వెళ్తే భయం రోజూ కొత్తగా నాటుకుంటుంది. మందు భయాన్ని కొంత దించుతుంది, ఒంటరిగా ఉండటం మాత్రం మీరే నేర్పాలి. అమెరికాలో 2007లో ఈ జబ్బుకు ఇదే మందును అనుమతించినప్పుడు కూడా శిక్షణతో కలిపే ఇవ్వాలన్నారు. ఈ వారాల్లో ఎవరో ఒకరు దాని దగ్గర ఉండేలా చూడండి. బయటికెళ్లేవాళ్లలా తాళంచెవులు చేతిలోకి తీసుకుని, వెళ్లకుండా కూర్చోండి. అది పట్టించుకోనప్పుడు తలుపు దాటి ఐదు సెకన్లలో వచ్చేయండి. తర్వాత పది, ఇరవై. రొప్పినా, ఇష్టమైన ముక్క పెట్టినా తినకపోయినా, అంతకుముందు కుదురుగా ఉన్న సమయానికి తగ్గండి.

శ్రోత: జీవితాంతం వాడాలా?

డాక్టర్: చాలావాటికి అక్కర్లేదు. కుదుటపడ్డాక కొన్ని నెలలు అదే మోతాదు ఉంచి, తర్వాత డాక్టరు చెప్పినట్టు వారానికో రెండు వారాలకో పావు వంతు చొప్పున తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే భయం మళ్లీ తిరగబెడుతుంది.