మేట వేయని వేగం

అందరికీ నమస్కారం. ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండల కింద కిరందుల్ నుంచి మన విశాఖ దాకా 267 కిలోమీటర్ల పైపులో ఇనుప ఖనిజం నీళ్లతో కలిసి వస్తుంది. మీలో చాలామంది ఆ ఖనిజం రైలెక్కి రావడమే చూసి ఉంటారు. అలాంటి పైపులో ఘర్షణ నష్టం, అంటే గోడల రాపిడికి పోయే పీడనం, తగ్గించాలంటే ఏం చేయాలని అడిగితే ఠక్కున వచ్చే జవాబు ఒకటే: పైపు సైజు పెంచడం. వట్టి నీళ్లకైతే పూర్తి మార్కులు వేస్తాను.

ఇసుక కలిసిందా, లెక్క తిరగబడుతుంది. 100 మి.మీ. పైపులో ముతక ఇసుక నీళ్లు సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతున్నాయనుకోండి. డ్యూరాండ్ సూత్రం ప్రకారం ఇసుక అడుగున మేట వేయకుండా ఉండటానికి సుమారు 2.4 మీటర్లు చాలు. అదే ప్రవాహాన్ని 150 మి.మీ. పైపులోకి మళ్లించండి. వేగం 1.3కి పడిపోతుంది. కావలసిన కనీస వేగమేమో వ్యాసం వర్గమూలంతో పాటు పెరిగి 2.9 అవుతుంది. ఇంకేముంది, ఇసుక కింద పడి దారి ఇరుకవుతుంది, నష్టం తగ్గకపోగా పెరుగుతుంది. వేగం తగ్గిస్తూ గ్రాఫు గీయండి: నష్టం కొంతదూరం దిగి, మళ్లీ పైకి లేస్తుంది. ఆ పల్లానికి కాస్త కుడివైపున, అంటే వేగం ఎక్కువున్న వైపున, నడపాలి. మరీ కుడికి పోతే కరెంటు బిల్లు పెరగడమే కాదు, పైపూ అరిగిపోతుంది.

అందుకే పైపు కంటే ముందు రేణువును చూడమంటాను. ఖనిజాన్ని సన్నగా గ్రైండ్ చేస్తే నెమ్మదిగా దిగుతుంది, కనీస వేగం తగ్గుతుంది. మరీ నలిపితే స్లర్రీ, అంటే ఆ ఖనిజం కలిసిన నీళ్లు, చిక్కబడి కదలనని మొరాయిస్తుంది; గ్రైండింగు ఖర్చు సరేసరి. చైనా మట్టి లాంటి సన్నరకం స్లర్రీలో కొద్దిగా సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే రసాయనం కలిపితే రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని చిక్కదనం విరుగుతుంది. ముతక ఇసుకలో ఆ మందు పోయడం డబ్బు దండగ.

పాలిమర్ల సంగతి, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాల సంగతి, అడుగుతారని తెలుసు. చిటికెడు పాలిమర్‌తో ఘర్షణ తగ్గుతుందని టామ్స్ అనే శాస్త్రవేత్త 1948లోనే చూపించాడు. నిజమే, కానీ సెంట్రిఫ్యూగల్ పంపు తిప్పుడుకు ఆ పొడవాటి గొలుసులు తెగుతాయి, తెగినవి అతకవు. కలిపితే పంపు దాటాక కలపాలి.

ఇక డిజైన్‌లో చాలామంది మరిచేది, పంపు ఆగిన రోజు. వాలు ఎక్కువైన చోట మేట జారి, పల్లంలో బిరడాలా బిగుసుకుంటుంది. పైపు వాలుకు హద్దు పెట్టేది అందుకే. ఆపే ముందు లైనంతా మంచినీళ్లతో తోయడానికి ట్యాంకులో నిల్వ ఉందో లేదో చూసుకున్నాకే స్టాప్ బటన్ మీద చెయ్యి వేయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.