హెల్త్ సెంటర్ మార్చేముందు మనల్ని అడగరా? (ఫోన్-ఇన్)

యాంకర్: లాయర్ గారు లైన్లోనే ఉన్నారు. తర్వాతి కాల్ బెంగళూరు కె.ఆర్. పురం నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మా వీధి చివర గవర్నమెంటు హెల్త్ సెంటర్ ఉండేది. బీపీ మాత్రలు, షుగర్ టెస్టు అన్నీ అక్కడే. పోయిన వారం వెళ్తే గేటుకి తాళం, దాని మీద కన్నడలో ఓ కాగితం. పక్కింటబ్బాయి చదివి, వేరే చోటికి మార్చారన్నాడు. ఇప్పుడు రెండు బస్సులెక్కాలి, నాకేమో మోకాళ్ల నొప్పులు. మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. అక్కడైతే ముందు జనాన్ని అడగాలని చట్టమే ఉందట. మనకి లేదా సార్?

లాయర్: మీ అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ అని ప్రభుత్వ ఆరోగ్య సేవ ఉంది. దాని 2006 నాటి చట్టం, 242వ సెక్షన్. సేవలు మార్చాలనుకుంటే వాడుకునేవాళ్లని ఆ నిర్ణయంలో కలుపుకోవాలి. అడగడమంటే ఎలా అడగాలో అక్కడి కోర్టులో 1985 నాటి గన్నింగ్ కేసులో తేలింది. అది నిజానికి బడుల మూసివేత గొడవ, ఇప్పుడు ఆసుపత్రులకీ అదే చూస్తారు. ఖరారు కాకముందే అడగాలి, కారణాలు చెప్పాలి, తగినంత టైమివ్వాలి, వచ్చిన జవాబులు మనసుపెట్టి చదవాలి. అలాగని జనం వద్దంటే ఆగిపోవాలనేం లేదు.

కాలర్: మరి ఇక్కడ?

లాయర్: అంత సూటిగా ఉన్న సెక్షన్ ఇక్కడ చూపించలేను. కానీ 2005 సమాచార హక్కు చట్టంలో, అదే ఆర్టీఐలో, 4వ సెక్షన్ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. జనం మీద ప్రభావం పడే నిర్ణయం ప్రకటించేటప్పుడు వివరాలన్నీ బయటపెట్టాలి, ఆ నిర్ణయం తగిలినవాళ్లకి కారణాలు చెప్పాలి. గేటు మీది కాగితంలో కారణం రాశారా?

కాలర్: లేదు సార్, కొత్త అడ్రసొక్కటే. అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇద్దామనుకుంటున్నాం.

లాయర్: ఇవ్వండి, కాదనను. అది ఏ ఫైల్లోనో పడుంటుంది. ఆర్టీఐ దరఖాస్తుకైతే 30 రోజుల్లో జవాబివ్వాలని గడువుంది. "ఎందుకు మార్చారు?" అని మాత్రం అడక్కండి, మా దగ్గర అలాంటి సమాచారం లేదని తప్పించుకుంటారు. ఆర్డర్ కాపీ, ఫైల్లో అధికారులు రాసిన నోటింగులు, హెల్త్ సెంటర్ బాగోగులు చూసే ఆరోగ్య రక్షా సమితి మీటింగ్ మినిట్స్ ఇవ్వమనండి. ఎవరినైనా అడిగారో లేదో వాటిలోనే బయటపడుతుంది. కర్ణాటకలో ఒక దరఖాస్తుకి ఒకటే విషయం, 150 మాటలు దాటకూడదు. మోకాళ్ల సంగతి అందులో రాయకండి.

కాలర్: (నవ్వుతూ) తెలుగులో రాయొచ్చా?

లాయర్: కుదరదమ్మా. ఇంగ్లీషు, హిందీ, లేదంటే కన్నడ. రాయలేనంటే మీరు నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడానికి అక్కడి సమాచార అధికారే సాయం చేయాలి. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయండి, బీపీఎల్ వాళ్లకి అదీ అక్కర్లేదు. దరఖాస్తు వేరే ఆఫీసుకి వెళ్లినా 5 రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి. బెంగళూరు పాత నగరపాలిక బీబీఎంపీ పోయి 5 కార్పొరేషన్లయ్యాక ఏది ఎవరి కిందో మాకే తికమకగా ఉంది.

యాంకర్: జవాబు రాకపోతే?

లాయర్: గడువు దాటిన 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. పోస్టు రసీదు పారేయకండి, పంపినట్టు అదే రుజువు. గడువు మాత్రం దరఖాస్తు ఆఫీసుకి అందిన రోజు నుంచి లెక్కపెడతారు.

కాలర్: అప్పటిదాకా నా మాత్రలు సార్?

లాయర్: పాత చీటీ పట్టుకుని ఒక్కసారి కొత్త చోటికి వెళ్లండి. నెలకి సరిపడా ఒకేసారి ఇవ్వమని డాక్టర్ని అడగండి. మీ ఏరియా ఆశా కార్యకర్తకీ ఓ మాట చెప్పి ఉంచండి.

యాంకర్: ఆమె నంబర్ దగ్గరుందామ్మా?

కాలర్: ఉంది, ఉంది. ఇప్పుడే చేస్తాను. ఉంటాను సార్.

యాంకర్: మంచిదమ్మా. మారతహళ్లి కాలర్, మీ టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి...